నాలుగోవంతు పడవ

సముద్రం అందరిదీ అని మా ఆఫీసు గోడ మీద నీలిరంగుతో రాయించాం. దాని కిందనే ఎర్రరంగుతో ‘అనుమతి లేనిదే ప్రవేశించరాదు’ అని రాయించాం. రెండు వాక్యాల ముసాయిదా నాదే. పైది ప్రజల హక్కు, కిందది ఆ హక్కును వాడుకునే పద్ధతి. ఈ తేడా తెలియనివాళ్లు గోడ ముందు నిలబడి నవ్వేవారు. నవ్వడానికి అనుమతి అక్కర్లేదు కాబట్టి ఊరుకున్నాం.

మాది తీర ప్రవేశ, చిన్న నౌకల క్రమబద్ధీకరణ విభాగం. ఉప్పుగెడ్డపాలెంలో కొత్తగా తెరిచారు. నేను అందులో సీనియర్ అసిస్టెంటును. పుట్టి పెరిగింది పాలకొండ అవతల కొండల దగ్గర. సముద్రం గురించి నాకు తెలిసిందంతా ఫైళ్ల వల్ల తెలిసిందే. ఫైళ్లలో అది చాలా నెమ్మదిగా ఉంటుంది.

మా అధికారి భానోజీరావు గారికి నిబంధనలంటే ప్రాణం. ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నా ‘ప్రస్తుతానికి పప్పు, తదుపరి ఉత్తర్వుల మేరకు పులుసు’ అంటారని వాళ్ల వంటమనిషి చెప్పేది. మనిషి మాత్రం చెడ్డవాడు కాడు. ఎవరికీ అపకారం చేయాలని ఆయన ఎన్నడూ అనుకోలేదు. అలా అనుకోకుండానే చాలా పనులు జరిగిపోయేవి.

ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్నది ఒక్కటే సందు. వెడల్పు మూడున్నర అడుగులు. దానికి ఒక పక్క తుఫాను షెల్టరు, రెండో పక్క మా కొత్త ఆఫీసు. ఆ సందు మొదట్లో ఇనుప గేటు పెట్టి తాళం వేశాం. నమోదైన పడవ గలవారికీ, ఆ పడవల తాలూకు ఊరివాళ్లకూ గేటు తీస్తాం. ముప్పై రోజుల్లో ఒక్క పడవైనా నమోదు కాకపోతే, ఆ దారిని వాడేవారు లేరని తేల్చి శాశ్వతంగా మూసేస్తాం. అది పదకొండో నిబంధన. గడువు తీరేదాకా గేటు తీసి ఉంచడానికి భానోజీరావు గారు దయతో ఒప్పుకున్నారు.

మూడో రోజున సూరాడ కొర్లయ్య వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఊళ్లో పదకొండు తెప్పలుంటే వాటిలో పాతది అతనిది. వెనకే అతని భార్య దాలమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని నిలబడింది.

“బాబూ, నా తెప్పని ఆ పుస్తకంలో ఎక్కించండి,” అన్నాడు కొర్లయ్య. “కవళ్ల చేప వచ్చీ కాలం. ఇప్పుడు సందు మూసీసినారంటే మాం ఏటి తినాలి?”

ఫారం తీసి నింపడం మొదలుపెట్టాను. ఇంజను నంబరు అడిగాను. ఇంజను లేదన్నాడు. గదులెన్ని అన్నాను. అతను దాలమ్మ వైపు చూశాడు.

“ఇంటికే ఒక గది, బాబూ,” అంది ఆవిడ. “తెప్పకెక్కడ తెస్తాం?”

‘గదులు: నిర్మాణదశలో లేవు’ అని రాశాను. మిగతా గడులు కూడా ఇలాగే నిండాయి. తనిఖీకి తేదీ ఇచ్చి పంపాను.

తొమ్మిదో రోజున, పదకొండున్నరకి, భానోజీరావు గారూ నేనూ తీరానికి వెళ్లాం. ఆయన బూట్లు విప్పకుండానే ఇసకలో నడిచారు. కొర్లయ్య తలపాగా తీసి దణ్ణం పెట్టాడు. ఎదురుగా ఇసక మీద నాలుగు పొడుగాటి దుంగలు ఎండుతున్నాయి. పక్కన చుట్టి పెట్టిన తాడు.

“నౌక ఎక్కడ?” అన్నారు భానోజీరావు గారు.

“ఇదే, బాబూ.”

“ఇది కలప.”

“ఇప్పీసినాం కదా, బాబూ. ఏకువన కట్టుకుని ఏటకి పోతాం. వచ్చీసి ఇప్పీస్తాం. దుంగలు నీరు పీల్సీసుంటాయి. ఇప్పి ఆరబెట్టకపోతే రేపు తేలవు. మా తాతలకాడ్నుంచీ ఇంతే.”

భానోజీరావు గారు జేబులోంచి నిబంధనల పుస్తకం తీసి చదివారు. చిన్న నౌక అనగా, కార్యాలయ పనివేళలలో, తనిఖీ అధికారికి నౌకవలె కనిపించు వస్తువు. మా పనివేళలు పదిన్నర నుంచి అయిదు. కొర్లయ్య తెప్ప వేకువన నాలుగింటికి పుట్టి, తొమ్మిదింటికల్లా పోతుంది. అంటే మా పనివేళల్లో దానికి ఉనికే లేదు.

“మరి మీరే ఓపాలి ఏకువన రండి, బాబూ,” అన్నాడు కొర్లయ్య. “కట్టినప్పుడు సూద్దురు గానీ.”

“పనివేళల వెలుపల నేను అధికారిని కాను,” అన్నారు ఆయన చాలా వినయంగా. “అప్పుడు నేను చూసినా చూసినట్టు కాదు.”

తిరిగి వచ్చి నోటు పెట్టించారు. దాని నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ‘సదరు నౌక ప్రతిదినము స్వచ్ఛందముగా విధ్వంసమగుచున్నది. విధ్వంసమునకు దారితీసిన పరిస్థితులపై యజమాని సంజాయిషీ కోరవలెను. మరియు ప్రజల తీరముపై అనుమతిలేని కలప నిల్వ గమనించబడినది.’ ఆ సంజాయిషీ నోటీసు కూడా నేనే తయారుచేశాను. కొర్లయ్యకు చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను.

“ఇప్పడం నేరమా, బాబూ?” అన్నాడు.

“ఇప్పడం కాదు. ఇప్పినాక పడవ కాకపోవడం.”

అతను “అయితే ఇప్పను లెండి,” అన్నాడు.

అక్కడ నేను అడ్డుపడి ఉండాల్సింది. పడలేదు. పదిహేనో రోజున తనిఖీ మళ్లీ పెట్టాం. నౌక తేలుతూ కనిపించాలి కాబట్టి కొర్లయ్య తెప్పను విప్పకుండా, గెడ్డ సముద్రంలో కలిసే మొగలో నీళ్లలో కట్టి ఉంచాడు. ఆ రోజు భానోజీరావు గారికి ‘తీరవాసులకు నీటి పట్ల అవగాహన’ అనే సదస్సు పడింది. పదహారున సదస్సు పొడిగించారు. పదిహేడున పండగ సెలవు. పద్దెనిమిదిన ఆయన వచ్చేసరికి తెప్ప నీళ్లలో ఉంది గానీ, నీళ్ల మీద లేదు. నాలుగు రోజులు నానిన దుంగలు నీళ్లలో పడుకున్న గేదెలా మునిగి, ముందు కొన మాత్రం కొమ్ములా బయటికి కనిపిస్తోంది. కొర్లయ్య నడుం లోతు నీళ్లలో నిలబడి, దాన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు.

“తేలుతున్నాది, బాబూ,” అన్నాడు. “సూడండి.”

భానోజీరావు గారు గట్టు మీంచి వంగి చూశారు. “నౌక తేలుట లేదు. నౌకను యజమాని తేల్చుచున్నాడు,” అని నాతో రాయించారు.

నాలుగు రోజులు వేట లేదు. కవళ్లు ఒడ్డుకి దగ్గరగా వచ్చి వెళ్లిపోయాయని మిగతావాళ్లు చెప్పుకుంటున్నారు. దాలమ్మ ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుంది.  నాకు నిజంగా సిగ్గేసింది. ఇంటికెళ్లి అన్నం సయించక, ప్రధాన కార్యాలయానికి స్పష్టత కోరుతూ లేఖ రాశాను. ప్రభుత్వోద్యోగికి బాధ కలిగితే చేయగలిగింది స్పష్టత కోరడమే.

ఇరవై నాలుగో రోజున జవాబొచ్చింది. మా ప్రధాన కార్యాలయం ఇంత తొందరగా జవాబిచ్చిన సందర్భం ఇంకొకటి లేదు. ‘విప్పబడిన తెప్పలోని ఒక్కొక్క దుంగను నాలుగోవంతు నౌకగా భావించవలెను. నాలుగు నాలుగోవంతులు కలిసి ఒక నౌక అగును. ఇది ఇసకపైనను, నీటిపైనను వర్తించును.’

భానోజీరావు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. “చూశావటయ్యా,” అన్నారు. “పైవాళ్లకి సముద్రం కనపడదు. కానీ ఎంత లోతుగా ఆలోచిస్తారో.”

ఊళ్లో పదకొండు తెప్పలకి నలభై నాలుగు దుంగలు. ప్రతి దుంగనీ ఆఫీసు ముందుకి తెప్పించి తెల్లరంగుతో ఒకటి నుంచి నలభై నాలుగు దాకా అంకెలు వేయించాం. ఒకటి, రెండు, మూడు, నాలుగు కలిస్తే కొర్లయ్య పడవ. అయిదు నుంచి ఎనిమిది దాకా పక్కింటివాళ్లది. అలా చక్కగా కుదిరింది. ఆ సాయంత్రం దాలమ్మ ఒక దుంగ చివర భుజానికెత్తుకుని గేటు దగ్గర ఆగింది.

“దుంగంటే నాలుగోవంతు పడవంటన్నారు కదా, బాబూ. ఇప్పుడీ దుంగ నా బుజాన ఉన్నాది. నాను నాలుగోవంతు పడవనేనా?”

నేను నిబంధన చూసి, అవునన్నాను. ఆవిడ గేటు దాటి వెళ్లి, దుంగ దింపి, వెనక్కి వచ్చేటప్పుడు మళ్లీ ఆగింది. “ఇప్పుడేటి నాను?” అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర నిబంధన లేదు.

ఇరవై ఎనిమిదో రోజున తుది తనిఖీ. అంతా సవ్యంగా జరిగేదే. కానీ కొర్లయ్య దుంగల దగ్గర భానోజీరావు గారు చటుక్కున ఆగిపోయారు. అక్కడ ఒకటి, రెండు, మూడు ఉన్నాయి. నాలుగోది పదిహేడు.

“పదిహేడు ఇక్కడికెలా వచ్చింది?”

“మా బావమరిది దుంగ, బాబూ,” అన్నాడు కొర్లయ్య. “నీటిలో అన్నాళ్లుండి నాది ఒకటి పాడైపోనాది. ఒకటి పోతే ఊళ్లో ఎవుడో ఒకడి కాడ తెచ్చుకుంటాం. ఆడికి కావలిస్తే మనం ఇస్తాం. ఎవుడూ కాదనడు.”

“ఎవరి దుంగ ఎవరి తెప్పలోనైనా పడుతుందంటావా?”

“అవసరం పడితే అంతే కదా, బాబూ. దుంగలకి ఈరిదీ ఆరిదీ అని ఉంటాదేటి?”

ఇది దశాబ్దాలుగా ఆ ఊరి మర్యాద. మా నిబంధనల ప్రకారం మాత్రం ఒకటి, రెండు, మూడు, పదిహేడు కలిసిన పడవ పూర్తిగా వేరే పడవ. నమోదు కాని పడవ. రేపు ఇంకో దుంగ మారితే అది ఇంకో పడవ. ఆ లెక్కన ఊళ్లో ఏ తెప్పనీ నమోదు చేయడానికి లేదు. భానోజీరావు గారు ఇసకలోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. గడువు ఇంకా రెండు రోజులే ఉంది. ఊరంతా చుట్టూ నిలబడింది. 

చివరికి ఆయనే అన్నారు. “భవిష్యత్తులో ఏర్పడగల ప్రతి నౌకనూ ముందుగానే నమోదు చేసినచో, ఉల్లంఘనకు ఆస్కారమే లేదు. ఏమయ్యా, మొత్తం ఎన్ని అవుతాయి?”

నేను డిగ్రీలో లెక్కల విద్యార్థిని. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆ చదువు అక్కరకు రావడం అదే మొదటిసారి. నలభై నాలుగు దుంగల్లోంచి నాలుగేసి చొప్పున ఎన్ని రకాలుగా ఏరవచ్చో కాగితం మీద లెక్కకట్టాను.

“లక్షా ముప్పై అయిదువేల ఏడువందల యాభై ఒకటండి.”

“దుంగలా?”

“పడవలండి.”

కొర్లయ్యకి ఆందోళన పుట్టింది. “బాబూ, మజ్జి దుంగ మజ్జికే నప్పుతాది. పక్క దుంగ పక్కకే. అన్నీ అన్నిసోట్లా కుదరవు.”

“దుంగల స్వభావములు మా పరిధిలోనివి కావు,” అన్నారు భానోజీరావు గారు. దుంగల వరసను కూడా లెక్కలోకి తీసుకుంటే సంఖ్య ముప్పై రెండు లక్షలు దాటుతుందని నాకు తెలుసు. నోరు మూసుకున్నాను. నా సర్వీసులో నేను చేసిన ఒకే ఒక్క దాపరికం అదే.

ముప్పయ్యో రోజు సాయంత్రం నాలుగూ యాభైకి ఒకే ఉత్తర్వుతో లక్షా ముప్పై అయిదువేల ఏడువందల యాభై ఒక్క పడవలు నమోదయ్యాయి. సందు బతికింది. ఊళ్లోవాళ్లు భానోజీరావు గారికి పెద్ద వంజరం చేప తెచ్చిపెట్టారు. ఆయన శాకాహారి కావడంతో దాన్ని ఫైలుకి జతచేయలేక నాకిచ్చేశారు.

పడవకో ఫైలు చొప్పున తయారుచేయడానికి నాలుగు నెలలు పట్టింది. తాత్కాలిక సిబ్బందిని పద్దెనిమిది మందిని వేసుకున్నాం. ఫైళ్లు గదులు నిండి, వరండా నిండి, చివరికి మా అధికారి గారి స్నానాలగదిలోకి చేరాయి. ఈలోగా వార్షిక నివేదిక వెళ్లింది. మా జిల్లా చిన్న నౌకల సంఖ్యలో మిగతా జిల్లాలన్నింటినీ కలిపినా అందనంత ముందుకు పోయింది. భానోజీరావు గారికి పెద్ద వేదిక మీద జ్ఞాపిక ఇచ్చారు. ఎవరో పత్రికాయన, ‘ఇన్ని పడవలు ఒక్కసారి సముద్రంలోకి దిగితే ఎలాగండీ?’ అని అడిగాడు.

“దిగవండి. ఒకేసారి పదకొండుకి మించి ఉండవు. తక్కినవి ఎల్లప్పుడూ విశ్రాంతిలో ఉండును,” అన్నారాయన. సభలో చప్పట్లు కొట్టారు.

జ్ఞాపిక వెనకాలే లేఖ వచ్చింది. పందొమ్మిదో నిబంధన ప్రకారం తీరానికి పోయే దారి వెడల్పు పడవల సంఖ్యను బట్టి ఉండాలి. పది దాకా మూడడుగులు. వంద దాకా పది. వెయ్యి దాకా ఇరవై. వెయ్యి దాటితే నలభై. అదృష్టవశాత్తూ పట్టిక అక్కడితో ఆగింది. లేకపోతే ఊరు మొత్తం దారిలోనే పోయేది. ‘లక్షకు పైగా నౌకలకు మూడున్నర అడుగుల దారి కల్పించుట తీవ్ర లోపము. తక్షణమే సరిచేసి నివేదించవలెను.’

నలభై అడుగులు ఎటునుంచి తీయాలి? తుఫాను షెల్టరును ముట్టుకోకూడదు. దానికి వేరే చట్టం ఉంది. మిగిలింది మా ఆఫీసు.

“సంఖ్య తగ్గించి రాద్దామాండీ?” అన్నాను మెల్లగా.

“ప్రగతిని వెనక్కి తీసుకొను విధానము లేదయ్యా,” అన్నారు భానోజీరావు గారు జ్ఞాపిక వైపు చూస్తూ. ఆ పూట ఆయన కొంచెం ముసలివాడిలా కనిపించారు. నాకు జాలేసింది.

ఆఫీసు పట్నానికి మారింది. సముద్రానికి నలభై కిలోమీటర్లు. ఫైళ్లు ఎక్కించుకోవడానికి వచ్చిన లారీ మొదటి ట్రిప్పులోనే ఇసకలో దిగబడింది. వెనక చక్రాలు రెండూ కనిపించకుండా పోయాయి. డ్రైవరు ఎంత తొక్కినా ఇంకా లోపలికి పోతోంది. మేం నిలబడి చూస్తుంటే కొర్లయ్య, అతని బావమరిది, ఇంకా ఆరుగురు తమ దుంగలు ఎత్తుకొచ్చారు. చక్రాల కింద తోశారు. ఒకటి, రెండు, పదిహేడు, ముప్పై మూడు. ఆ నాలుగు కలిసిన పడవ పేర కూడా ఒక ఫైలు ఆ లారీలోనే ఎక్కడో ఉంది.

“ఏటి ఇంత బరువున్నాది, బాబూ?” అన్నాడు కొర్లయ్య భుజం ఆనిస్తూ.

“మీ పడవలే, కొర్లయ్యా.”

“ఎప్పుడైనా ఇప్పి ఆరబెడతారేటి ఈటిని?”

ఫైళ్లన్నీ తాళ్లతో గట్టిగా కట్టి ఉన్నాయి. కట్టాక వాటిలో ఏ ఒక్కదాన్నీ ఎవరూ విప్పి చూడలేదు. లేదని చెప్పాను.

“అందుకే మునిగిపోనాది,” అన్నాడు. ఎగతాళికి కాదు, పని తెలిసినవాడు చెప్పినట్టే చెప్పాడు. అందరూ కలిసి ఒక్క ఊపు ఊపారు. లారీ దుంగల మీదుగా పైకి లేచింది.

తర్వాత ఆఫీసు కూల్చారు. గోడలు పోయాయి, నీలి అక్షరాలు పోయాయి, ఎర్ర అక్షరాలు కూడా పోయాయి. గేటు మాత్రం పోలేదు. కూల్చివేత ఉత్తర్వులో ‘భవనము’ అని ఉంది గానీ గేటు అని లేదు. నలభై అడుగుల దారిలో ఇప్పుడు మూడున్నర అడుగుల గేటు తాళంతో సహా ఒంటరిగా నిలబడి ఉంది. దాని మీద ఊళ్లోవాళ్లు వలలు ఆరేసుకుంటారు. దాలమ్మ గంప నెత్తిన పెట్టుకుని దాని పక్కనుంచి రోజుకి నాలుగుసార్లు వస్తుంది, పోతుంది. తానిప్పుడు ఎన్నోవంతు పడవో అడగడం మానేసింది.

నెలకోసారి ఆ గేటును తనిఖీ చేసే బాధ్యత నాకు వేశారు. బస్సు దిగి వెళ్లి, తాళం తీసి, గేటు తెరిచి, లోపలికి నడిచి, మళ్లీ గేటు వేసి తాళం పెట్టి, రిజిస్టరులో సంతకం చేసి వస్తాను. ఊరి పిల్లలు మొదట్లో నవ్వేవారు. తర్వాత అలవాటుపడ్డారు. కొర్లయ్య మాత్రం ఎన్నడూ నవ్వలేదు. ఒక్కోసారి వల అడ్డొస్తే తీసి పట్టుకునేవాడు, నేను తాళం తీసుకునేదాకా.

పోయిన నెల పదహారో తనిఖీ. ఉప్పుగాలికి తాళం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. తాళంచెవి అటూ తిరగదు, ఇటూ తిరగదు. నేను గేటు ముందు నిలబడిపోయాను. ఎడమ పక్క ఖాళీ దారి, కుడి పక్క ఖాళీ దారి. ఎదురుగా సముద్రం. ఏప్రిల్‌లో నా రిటైర్మెంటు.

కొర్లయ్య అప్పుడే వేట నుంచి వచ్చి దుంగలు విప్పుతున్నాడు. నన్ను చూసి, పని ఆపి లేచి వచ్చాడు. గేటుకి అవతల కాదు, పక్కన నిలబడి చెయ్యి చాపాడు.

“ఇలా రండి, బాబూ,” అన్నాడు.

తాళంచెవి జేబులో వేసుకున్నాను. తర్వాత అతని చెయ్యి పట్టుకుని పక్కనుంచి నడిచాను. తడి దుంగ మీద కూర్చుని రిజిస్టరు తెరిచి రాశాను. ‘తాళము భద్రముగా ఉన్నది. దారి తెరిచి ఉన్నది.’ ముప్పై ఒక్క ఏళ్లుగా నేను రాసిన నోట్లలో రెండు వాక్యాలూ నిజమైనది అదొక్కటే.